పత్తిలో పచ్చదోమ: జీవన విధానం, ప్రవర్తన, యాజమాన్యంలో వాటి ప్రాధాన్యం

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానాలలో ఆగస్టు చివరి నుండి అక్టోబరు వరకు పత్తి చేలలో ఒక లక్షణం ఏటా కనబడుతుంది. ఆకు అంచులు మొదట లేత పసుపు రంగుకు మారి కిందికి ముడుచుకుంటాయి. కొద్ది రోజులకు ఎర్రబారి, చివరకు నిప్పు సెగ తగిలినట్లు ఎండి పెళుసుబారుతాయి. "ఆకు ఎర్రబడింది" అని రైతు చెప్పిన వెంటనే కొన్ని చోట్ల మెగ్నీషియం సల్ఫేట్ పిచికారీకి, మరికొన్ని చోట్ల అంతకుముందు కొట్టిన పురుగు మందునే మళ్ళీ కొట్టడానికి సలహా లభిస్తుంది. ఆకును తిరగేసి అడుగు భాగం చూడకుండా ఇచ్చిన సలహా ఏదైనా తప్పే కావచ్చు. ఆ అడుగు భాగంలో ఏమి జరుగుతున్నదో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. (2022లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత ఈ మైదానంలో చాలా భాగం పల్నాడు, బాపట్ల జిల్లాలలో చేరింది. పాత పరిశోధనా పత్రాలతో పోల్చుకొనుటకు వీలుగా ఇక్కడ పాత పేర్లనే వాడడమైనది.)

పేరు, గుర్తింపు

రైతులు పచ్చదోమ అనీ, దీపాల చుట్టూ చేరే అలవాటును బట్టి దీపపు పురుగు అనీ పిలిచే ఈ కీటకానికి అసలు దోమలతో ఏ సంబంధమూ లేదు. దోమలు రెండు రెక్కల కీటకాలు. పచ్చదోమ పేనుబంక, తెల్లదోమలు చేరిన హెమిప్టెరా వర్గానికి, అందులోని సికాడెల్లిడే కుటుంబానికి చెందినది. శాస్త్రీయ నామం అమ్రాస్కా బైగుట్టులా బైగుట్టులా. పాత గ్రంథాలలో ఎంపోయాస్కా డివాస్టాన్స్, అమ్రాస్కా డివాస్టాన్స్ అనే పేర్లతో ఉన్నదీ ఇదే. సాహిత్యాన్ని వెతికే విద్యార్థులు ఈ మూడు పేర్లతోనూ వెతకాలి. లేనిచో మన దేశంలో జరిగిన పాత పరిశోధనలో చాలా భాగం కంటబడదు. వరిలోని పచ్చ దీపపు పురుగు కూడా ఇదే కుటుంబానికి చెందినదే అయినా అది వేరు ప్రజాతి. వరి చేను పక్కనే ఉన్నంత మాత్రాన పత్తికి దాని వలన ముప్పు లేదు.

తల్లి పురుగు సుమారు 3 మిల్లీమీటర్ల పొడవుతో, లేత ఆకుపచ్చ రంగులో, ముందు భాగం వెడల్పుగా, వెనుకకు సన్నబడుతూ చీలిక ఆకారంలో ఉంటుంది. ముందు రెక్కల చివరి భాగంలో ఒక్కొక్క నల్ల చుక్క ఉంటుంది. బైగుట్టులా అనే పేరుకు అర్థం రెండు చుక్కలు కలది అనే. పిల్ల పురుగులు రెక్కలు లేకుండా, దాదాపు పారదర్శకమైన లేత పచ్చ రంగులో ఈనెల వెంట ఆనుకొని ఉంటాయి. ఆకును తిప్పగానే అవి ముందుకు గాక పక్కకు, పీత నడిచినట్లు ఐమూలగా పరుగెత్తి రెండవ వైపుకు చేరుకుంటాయి. పొలంలో భూతద్దం లేకుండానే పచ్చదోమ పిల్లలను ఇతర పురుగుల నుండి వేరు చేయడానికి ఈ నడక ఒక్కటి చాలు.

జీవిత చక్రం

తల్లి పురుగు గుడ్లను ఆకు మీద పెట్టదు. అండనిక్షేపకంతో కణజాలాన్ని చీల్చి, ఆకు అడుగున ఉన్న ఈనెలలోనూ కాడలోనూ ఒక్కొక్కటిగా చొప్పిస్తుంది. ఒక ఆడ పురుగు సాధారణంగా 15 నుండి 30 వరకు గుడ్లు పెడుతుంది. అవి 4 నుండి 11 రోజులలో పొదుగుతాయి. పిల్ల పురుగు అయిదు దశలు దాటి తల్లి పురుగుగా మారడానికి వెచ్చని కాలంలో వారం రోజులు చాలు. చలికాలంలో మూడు వారాల వరకు పట్టవచ్చు. ఏడాదిలో 7 నుండి 11 తరాలు పూర్తవుతాయి.

ఈ అంకెలలో క్షేత్ర స్థాయిలో అన్నిటికంటే ముఖ్యమైనది గుడ్డు ఉండే చోటు. కణజాలం లోపల ఉన్న గుడ్డుకు స్పర్శ మందు తగలదు. పిచికారీ చేసిన నాడు చేను శుభ్రపడినట్లు కనిపించినా, నాలుగైదు రోజులకు ఆ గుడ్ల నుండి కొత్త పిల్లలు వస్తాయి. దీనిని మందు పనిచేయకపోవడంగా భావించి వెంటనే మరొక పిచికారీ చేయడం సర్వసాధారణం. పిచికారీ తరువాత కనిపించేవి ఏ దశలో ఉన్నవో గమనిస్తే నిజం తేలుతుంది. అన్నీ మొదటి దశ చిన్న పిల్లలే అయితే మందు పని చేసింది, గుడ్లు మాత్రం మిగిలాయి. మూడు, నాలుగు దశల పెద్ద పిల్లలు కూడా వాటితో కలిసి ఉంటే అప్పుడు మందు తగలకపోవడాన్ని గానీ, నిరోధక శక్తిని గానీ అనుమానించాలి.

ప్రతి దశలోనూ విడిచిన కుబుసాలు తెల్లగా, పలుచగా ఆకు అడుగున అతుక్కొని కొంత కాలం నిలిచి ఉంటాయి. పురుగు వెళ్ళిపోయిన తరువాత కూడా దాని ఉనికికి అవి సాక్ష్యం.

పత్తి లేని నెలలలో ఈ పురుగు బెండ, వంగ వంటి కూరగాయల మీద, గట్ల వెంట పెరిగే తుత్తురుబెండ వంటి కలుపు మొక్కల మీద గడుపుతుంది. పత్తి చుట్టూ ఎర పంటగా వేసిన బెండను పట్టించుకోకుండా వదిలేస్తే అది పచ్చదోమకు నారుమడిగా మారుతుంది. ఎర పంట వేయమని చెప్పిన వారు దానిని గమనించి, అవసరమైతే దానిపైనే మందు కొట్టాలని కూడా చెప్పవలసి ఉంటుంది. ఈ రెండవ మాట చాలా సార్లు కరపత్రాలకు ఎక్కడం లేదు.

దుముకు

ఆకును తాకీ తాకక ముందే తల్లి పురుగు మాయమవుతుంది. ఇది రెక్కల పని కాదు, కాళ్ళ పని. దీపపు పురుగుల దుముకును కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన మాల్కం బరోస్ అతివేగ కెమెరాలతో పరిశీలించి 2007లో ప్రచురించారు. పొడవైన వెనుక కాళ్ళు రెండూ శరీరం కింద ఒకే తలంలో కదిలి, కొద్ది మిల్లీసెకన్లలో పురుగును సెకనుకు సుమారు మూడు మీటర్ల వేగం వరకు చేరుస్తాయి. ఇంత వేగం కండరం నేరుగా కుదించుకుంటే రాదు. కండరం ముందుగా నెమ్మదిగా సంకోచించి శక్తిని దేహ కవచంలోని స్థితిస్థాపక భాగాలలో దాచి ఉంచుతుంది. ఆ శక్తి ఒక్కసారిగా విడుదలవుతుంది. వింటినారిని మెల్లగా లాగి ఒక్క క్షణంలో వదలినట్లే.

రెండు కాళ్ళు సరిగ్గా ఒకే క్షణంలో తన్నకపోతే పురుగు గాలిలో గిరగిర తిరిగిపోతుంది. ఈ వర్గానికే చెందిన ఇస్సస్ అనే ఐరోపా కీటకం పిల్లలలో వెనుక కాళ్ళ మొదళ్ళ వద్ద పళ్ళ చక్రాల వంటి నిర్మాణాలు ఒకదానిలో ఒకటి ఇమిడి కాళ్ళను ఏకకాలంలో కదిలిస్తాయని బరోస్, సటన్ 2013లో వెల్లడించారు. జీవులలో పనిచేసే పళ్ళ చక్రాలు ఉన్నట్లు తెలియడం అదే మొదలు. పచ్చదోమలో అటువంటివి లేవు. అయితే నున్నని ఆకుపై కాలు జారకుండా దీపపు పురుగుల వెనుక పాదాలకు మెత్తని దిండ్ల వంటి భాగాలు ఉంటాయి. దుమికే క్షణంలో మాత్రమే అవి ఆకును గట్టిగా పట్టుకుంటాయి.

ఈ వివరాలకు విస్తరణ కార్యక్రమంతో నేరుగా సంబంధం ఉన్నది. తల్లి పురుగుల లెక్క ఎప్పుడూ తక్కువగానే వస్తుంది. ఎండ ఎక్కిన తరువాత మనిషి నీడ పడినా అవి లేచిపోతాయి. అందువలన ఆర్థిక నష్ట పరిమితిని లెక్కించేటప్పుడు పిల్ల పురుగులను ప్రమాణంగా తీసుకోవడం సమంజసం. అవి సాధారణంగా దుముకవు, ఆకు వదలి పోవు. ఉదయం మంచు ఆరక ముందు, పురుగులు మందకొడిగా ఉన్న సమయంలో చేసిన లెక్కే నమ్మదగినది. మధ్యాహ్నం చేను గట్టున నిలబడి వేసిన అంచనాకు విలువ లేదు.

దీపపు పురుగుల ఒంటిపై మరొక విశేషం ఉన్నది. విసర్జక నాళికలలో తయారైన, తేనెపట్టు వంటి నిర్మాణం గల అతి సూక్ష్మ రేణువులను అవి కాళ్ళతో దేహమంతా పూసుకుంటాయి. ఆ పూతపై నీరు, జిగురు నిలవవు.

ఆకు ద్వారా సంభాషణ

పచ్చదోమలు మన చెవికి వినబడని మాటలు మాట్లాడుకుంటాయి. మగ పురుగు తన ఉదరాన్ని కంపింపజేస్తే ఆ కంపనాలు గాలి ద్వారా గాక కాడ, కాండం ద్వారా ప్రయాణించి అదే మొక్కపై ఉన్న ఆడ పురుగు కాళ్ళకు అందుతాయి. అది బదులు పలికితేనే కలయిక జరుగుతుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో కె.ఎన్. సక్సేనా, హరికుమార్‌లు ఈ సంభాషణను పత్తి పచ్చదోమలోను, వరి సుడిదోమలోను అధ్యయనం చేశారు. బయటి నుండి వినిపించిన శబ్దాన్ని మొక్క గ్రహించి కంపిస్తే పురుగుల సంభాషణ తెగి, జతకట్టడం దెబ్బతింటుందని 1980లోనే చూపారు. పొలంలో వాడదగిన పరికరంగా అది మన దేశంలో రూపు దిద్దుకోలేదు. ఐరోపాలో ద్రాక్ష తోటల దీపపు పురుగులపై ఇదే సూత్రంతో పనిచేసే కంపన యంత్రాలను తరువాతి కాలంలో పరీక్షించారు. మన దగ్గర మొదలైన ఆలోచన మన దగ్గర కొనసాగకపోవడం గమనించదగిన విషయం.

ఆకు ఎందుకు కాలుతుంది?

పేనుబంక, తెల్లదోమలు తమ సన్నని నోటి సూదులను పోషక కణజాలం వరకు నెమ్మదిగా దించి, అక్కడే గంటల తరబడి రసం పీలుస్తాయి. అవసరానికి మించిన చక్కెర తేనె బంకగా బయటకు వస్తుంది. దానిపై మసి బూజు పెరుగుతుంది. పచ్చదోమ తీరు వేరు. అది సూదులను ఒక చోట నిలపక, కణజాలంలో అటూ ఇటూ కదిలిస్తూ కణాలను చీల్చి, లాలాజలాన్ని వదిలి, కరిగిన పదార్థాన్ని పీలుస్తుంది. పురుగు వీపుకు సన్నని బంగారు తీగను అతికించి, మొక్కతో కలిపి విద్యుత్ వలయం ఏర్పరచి, సూదుల కదలికలను నమోదు చేసే విధానం ద్వారా ఎంపోయాస్కా ప్రజాతి పురుగులలో ఈ తీరు స్పష్టమయింది.

నష్టం పీల్చిన రసం పరిమాణానికి తగ్గట్టుగా ఉండదు. దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. గాయం, లాలాజలం రెండూ కలిసి పోషక నాళాల చుట్టూ కణాలు అస్తవ్యస్తంగా ఉబ్బి విభజన చెందేలా చేస్తాయి. నాళాలు మూసుకుపోతాయి. ఆకులో తయారైన చక్కెర గూడకు, కాయకు చేరక ఆకులోనే నిలిచిపోతుంది. ఆ నిలువ వలననే ఎరుపు వర్ణకాలు ఏర్పడతాయి. ఆకు ఎర్రబడడం ఆహారం కదలడం లేదనడానికి గుర్తు. గూడ, పిందె రాలడం దాని ఫలితం. ఇందులో వైరస్ ప్రమేయం లేదు కనుక సకాలంలో పురుగును అదుపు చేస్తే కొత్తగా వచ్చే ఆకులు ఆరోగ్యంగానే వస్తాయి. మాడిన ఆకులు మాత్రం కోలుకోవు.

మెగ్నీషియం లోపంతో దీనికి గల తేడా ఇక్కడే స్పష్టమవుతుంది. లోపం కింది ముదురు ఆకులలో మొదలవుతుంది. ఈనెలు ఆకుపచ్చగా నిలిచి, ఈనెల మధ్య భాగం ఎర్రబారుతుంది. ఆకు కిందికి ముడుచుకోదు. పచ్చదోమ కాటు అంచులలో మొదలై లోపలికి పాకుతుంది, ఆకు గిన్నె బోర్లించినట్లు వంగుతుంది, అడుగున పిల్లలో కుబుసాలో ఉంటాయి. రెండూ ఒకే చేలో కలిసి ఉండడం నల్లరేగడిలో అరుదేమీ కాదు. అటువంటప్పుడు మెగ్నీషియం సల్ఫేట్ ఒక్కటే చల్లి ఊరుకుంటే పురుగుకు ఒక తరం గడువు ఇచ్చినట్లవుతుంది.

నూగు చెప్పే కథ

పత్తి మొక్క పచ్చదోమకు ఇచ్చే సమాధానం నూగు. ఆకు అడుగున, ముఖ్యంగా ఈనెలపై, పొడవుగా దట్టంగా ఉన్న నూగు గుడ్లు పెట్టడానికీ, పిల్ల పురుగు నోరు ఆకును అందుకోవడానికీ అడ్డు వస్తుంది. 1920 దశకంలో దక్షిణాఫ్రికాలోని బార్బర్టన్ కేంద్రంలో ఎఫ్.ఆర్. పార్నెల్ నూగు గల మొక్కలను ఎంపిక చేసి యు-4 రకాన్ని రూపొందించగా, దీపపు పురుగు కారణంగా పత్తి సాగు వదులుకొనే స్థితిలో ఉన్న ప్రాంతాలలో పంట మళ్ళీ నిలిచింది. పార్నెల్, ఆయన సహచరులు 1949లో ప్రచురించిన వ్యాసం నేటికీ చదవదగినది. నూగు సాంద్రత ఒక్కటే చాలదు, పొడవు కూడా ఉండాలి అన్నది వారి నిర్ణయం.

కానీ పచ్చదోమను ఆపే నూగు తెల్లదోమకు ఆశ్రయమవుతుంది. ఈ చిక్కు గుంటూరు, ప్రకాశం జిల్లాలకు పుస్తకాల ద్వారా తెలిసినది కాదు. 1980 దశకం మధ్యలో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందుల విచ్చలవిడి వాడకంతో సహజ శత్రువులు నశించి తెల్లదోమ చేలను ముంచెత్తింది. 1987-88 నాటికి అప్పుల భారంతో పత్తి రైతుల ఆత్మహత్యలు ఈ ప్రాంతం నుండి వార్తలకెక్కాయి. ఆ నేపథ్యంలో గుంటూరు సమీపంలోని లాం పరిశోధనా స్థానం నుండి వెలువడిన ఎల్.కె.861, అనగా కాంచన, తెల్లదోమను తట్టుకొనే రకంగా పేరు పొందింది. ఒక పురుగు కోసం ఆకును మార్చితే మరొక పురుగుకు అది ఎలా కనిపిస్తుందో చూడక తప్పదన్న సంగతి అప్పటి నుండి ప్రజననకారుల లెక్కలో ఉన్నది.

బి.టి. తరువాత

2002లో బి.టి. పత్తికి అనుమతి లభించిన తరువాత కాయతొలుచు పురుగులపై పిచికారీలు తగ్గాయి. బి.టి. విషం గొంగళి పురుగులకే గాని రసం పీల్చే పురుగులకు కాదు. అంతకుముందు శనగపచ్చ పురుగు కోసం కొట్టిన మందులలో కొన్ని పచ్చదోమను కూడా పనిలో పనిగా అదుపు చేసేవి. ఆ చాటు తొలగిపోయింది. మార్కెట్టులోకి వచ్చిన వందలాది హైబ్రిడ్లలో నూగు ఒక్కొక్క దానికి ఒక్కొక్క విధంగా ఉన్నది. వీటన్నిటికీ సమాధానంగా ఇమిడాక్లోప్రిడ్‌తో శుద్ధి చేసిన విత్తనమే దాదాపు ప్రతి సంచిలోనూ వస్తున్నది.

విత్తన శుద్ధి మొదటి నెల రోజుల పాటు మొక్కకు నిజమైన రక్షణ. తరువాత మొక్క పెరిగిన కొద్దీ మందు పలుచబడుతుంది. చంపలేని మోతాదులో మందు ఉన్న ఆకును పీల్చి బ్రతికిన పురుగుల సంతానమే మిగులుతుంది. ఆ దశలో మళ్ళీ ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్, ఎసిటామిప్రిడ్ కొడితే పేర్లు మారాయే గాని పనితీరు మారలేదు. అవన్నీ నియోనికోటినాయిడ్ వర్గానివే. మధ్య, దక్షిణ భారత పత్తి ప్రాంతాలలో ఈ వర్గానికి పచ్చదోమలో నిరోధక శక్తి నమోదు కావడంలో ఆశ్చర్యం లేదు.

లేత కాండానికి మందు పూసే బొట్టు పెట్టు పద్ధతిని ఈ కోణంలో మళ్ళీ పరిశీలించవలసి ఉన్నది. విత్తిన 20, 40, 60 రోజులకు మోనోక్రోటోఫాస్ 1:4 లేదా ఇమిడాక్లోప్రిడ్ 1:20 నిష్పత్తిలో నీటితో కలిపి పూయడం చాలా కాలంగా వాడుకలో ఉన్నది. మిత్ర పురుగులకు హాని తక్కువ కనుక పద్ధతిగా అది మేలైనదే. అయితే మోనోక్రోటోఫాస్ 36 ఎస్.ఎల్.ను కేంద్ర ప్రభుత్వం 2023లో నిషేధించింది. ఇమిడాక్లోప్రిడ్‌తో శుద్ధి చేసిన విత్తనం వేసిన చేలో మళ్ళీ ఇమిడాక్లోప్రిడ్‌తోనే బొట్టు పెడితే ఒకే వర్గపు మందు రెండు నెలలు ఎడతెగక పనిచేసినట్లవుతుంది. పద్ధతిని నిలుపుకొని మందును మార్చడం అవసరం. ఫ్లోనికామిడ్‌ను 1:20 నిష్పత్తిలో వాడడం ఆ దిశలోనిదే.

ఫ్లోనికామిడ్ విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. అది పురుగును వెంటనే చంపదు. శరీర స్థితిని, కంపనాలను గ్రహించే జ్ఞానాంగాల పనిని చెడగొట్టి, రసం పీల్చడం ఆపిస్తుంది. పురుగు ఆకలితో రెండు మూడు రోజులకు చనిపోతుంది. ఆ లోగా ఆకుపై అది కనిపిస్తూనే ఉంటుంది, కానీ నష్టం ఆగిపోయి ఉంటుంది. లీటరు నీటికి 0.3 గ్రాముల చొప్పున కొట్టిన మరునాడే చేలోకి వెళ్ళి "పురుగు చావలేదు" అని మరొక మందు కలిపిన సందర్భాలలో వృథా అయింది రెండవ మందు ఖర్చు. బుప్రోఫెజిన్ కూడా అంతే. అది కుబుసం విడిచే దశలో పిల్లలను చంపుతుంది, తల్లి పురుగులపై దాని ప్రభావం నేరుగా ఉండదు. మందు ఇచ్చేటప్పుడే ఈ మాట చెప్పకపోతే మంచి మందు కూడా చెడ్డ పేరు తెచ్చుకుంటుంది.

క్షేత్రంలో నిర్ణయం

ఒక్కొక్క మొక్కకు పై, మధ్య, కింది భాగాల నుండి ఒక్కొక్క ఆకు చొప్పున, చేనంతా తిరిగి కనీసం ఇరవై మొక్కలలో చూడాలి. ఆకుకు సగటున రెండు పిల్ల పురుగులు ఉంటే ఆర్థిక నష్ట పరిమితి చేరినట్లే. సగానికి పైగా మొక్కలలో ఆకు అంచులు పసుపుబారి ముడుచుకోవడం మొదలైనా చర్యకు సమయం వచ్చినట్లే. ఎక్కువ మంది ఎరుపు వచ్చేదాకా ఆగుతారు. అప్పటికి నాళాలు మూసుకొని ఉంటాయి.

మబ్బు పట్టి, ఉక్కగా ఉండి, వానల మధ్య విరామం వచ్చినప్పుడు పురుగు వేగంగా పెరుగుతుంది. జోరు వాన పిల్లలను ఆకుల నుండి కడిగివేస్తుంది. అటువంటి వాన పడిన మరుసటి రెండు రోజులలో మళ్ళీ లెక్కించకుండా పిచికారీకి దిగడం అనవసరం. యూరియా అతిగా వేసిన చేలలో లేత ఆకు పెరిగి ఉధృతి హెచ్చుతుంది. గుడ్లలోనే వృద్ధి చెందే మైమారిడ్ కుటుంబపు అతి చిన్న కందిరీగలు, అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, సాలీళ్ళు మొదటి రెండు నెలలలో చేసే పనిని తొందరపాటు పిచికారీ రద్దు చేస్తుంది. మొదటి విడతగా లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెకు స్థానం అందుకే ఉన్నది. పిచికారీ ఏదైనా గొట్టపు ముక్కు కింది నుండి పైకి తిరిగి ఉండాలి, పురుగు అడుగున ఉన్నది కనుక.

ఈ మైదానంలో మిరప పత్తికి పొరుగు పంట, చాలా కుటుంబాలకు రెండూ ఒకే కమతంలో ఉంటాయి. మిరపలో ముడతకు కారణం పచ్చదోమ కాదు. ఆకులు పైకి ముడిచి దోనెలా మారితే తామర పురుగులు, కిందికి ముడిచి తిరగవేసిన దోనెలా ఉండి కాడలు సాగితే తెల్లనల్లి. 2021-22లో త్రిప్స్ పార్విస్పైనస్ అనే కొత్త తామర పురుగు పూతను ఆశించి గుంటూరు, ప్రకాశం మిరప తోటలను దెబ్బతీసినప్పుడు రైతులు వారానికి ఒకటి రెండు సార్లు అందిన మందులెల్లా కొట్టారు. ఆ పిచికారీలలో నియోనికోటినాయిడ్ల వాటా తక్కువ కాదు. మిరపలో కొట్టిన మందు గాలికి పక్క పత్తిపై పడినా, మిగిలిన ద్రావణాన్ని పత్తిపై పోసినా, పచ్చదోమ దృష్టిలో అది మరొక ఎంపిక ఒత్తిడే. మందుల వర్గాన్ని మార్చే ప్రణాళికను పంట వారీగా కాక కమతం వారీగా వేయవలసి ఉంటుంది. ఒకే కాగితంపై రెండు పంటల పిచికారీలను తేదీతో, వర్గంతో రాసుకొనే అలవాటు కలిగిన రైతుకు ఈ పని కష్టం కాదు.

చాలా కాలం ఆసియాకు పరిమితమై ఉన్న ఈ పురుగు 2022లో పశ్చిమ ఆఫ్రికా పత్తిని తీవ్రంగా దెబ్బతీసింది. 2023లో ప్యూర్టోరికోలో, 2024 చివరలో ఫ్లోరిడాలో కనబడి, 2025లో అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పత్తి చేలకు వ్యాపించింది. అక్కడి శాస్త్రవేత్తలు ఇప్పుడు ఏ రకానికి ఎంత నూగు ఉన్నదో, ఏ మందుకు ఇది లొంగుతున్నదో వెతుకుతున్నారు. ఆ వెతుకులాటలో వారు తెరుస్తున్న పాత వ్యాసాలలో చాలా భాగం భారతదేశపు పత్తి చేల నుండి వచ్చినవే.